వేలి బండి, ఒక్క పల్టీ

మా మేనమామ పోయిన కబురు మధ్యాహ్నం మూడింటికి తెలిసింది. అప్పుడు నేను సూరత్ రింగ్ రోడ్డు మీది ఒక చీరల మార్కెట్టులో, కిటికీ లేని గదిలో, కంప్యూటర్ ముందు ఉన్నాను. చీర కట్టుకున్న అమ్మాయి పమిట విసిరే దృశ్యాన్ని రెండు ముక్కలు చేసి, మధ్యలో ఆమె తుమ్మిన భాగం తీసేసి, అతుకు కనబడకుండా కలుపుతున్నాను. వ్యాపారులు ఊరూరి దుకాణాలకు ఫోన్లలో పంపుకునే వీడియోలను ఇలా కత్తిరించి అతికించడమే నా ఉద్యోగం. ఫోనులో మా అత్త, మామ భార్య, ఒక్క మాటే చెప్పింది. "మీ మామ లేడు బిడ్డా, రా." నేను "ఈ ఒక్కటి అయిపోగానే వస్తా" అన్నాను. మనిషన్నవాళ్లు అనే మాటేనా అది? అన్నాక నా మాట నా చెవినే పడి, ఉన్నదున్నట్టు వదిలేసి లేచాను. ఆ తుమ్ము అలాగే వ్యాపారికి వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది.

సూరత్‌లోనే, వడోద్‌లో ఉన్న మామవాళ్ల గదికి చేరేసరికి గుమ్మం ముందు చెప్పులు నిండిపోయి ఉన్నాయి. మామను చాప మీద పడుకోబెట్టారు. నేను మొహం చూడలేదు, కుడిచెయ్యి చూశాను. వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఎవరో వాటిని సాపు చేయబోతే అత్త వద్దంది. ఆ చేతితో మా మామ చివరి ఏడాది ఏం చేశాడో, ఆ చేతికి నేనేం చేశానో చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన్ని పొగడటానికి కాదు. ఎవరైనా పొగిడితే ఆయనకు నవ్వొచ్చేది.

ఆయనది కరీంనగర్ వైపు నేతపనివాళ్ల ఇల్లు. పద్దెనిమిదేళ్లకు సూరత్ వచ్చి, పాండేసరాలో ఒక లూమ్ ఖాతాలో చేరి, ముప్పై ఏళ్లకు పైగా మరమగ్గాలు నడిపాడు. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి పనివాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. టీ వచ్చిందంటే ఒక సైగ, సేఠ్ వస్తున్నాడంటే ఇంకొకటి, సేఠ్ కోపంగా వస్తున్నాడంటే దానికి వేరే ఒకటి. మామకు చెవులు సగం పోయాయి గానీ ఆ చేతుల మాట ఇంట్లోనూ పోలేదు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికి కూడా నోరు తెరిచేవాడు కాదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. పక్కగది ఒడియా వాళ్లకూ, బిహారీలకూ, ఆఖరికి గుజరాతీ సేఠ్‌కు కూడా ఆయన మామాయే. అసలు మేనకోడలిని నేనే అని అందరికీ చెప్పుకోవలసి వచ్చేది.

మా అమ్మానాన్నలు సూరత్ వదిలి ఊరికి వెళ్లిపోయాక నేను ఉధ్నాలో చిన్న గది తీసుకున్నాను. ఆదివారం భోజనం మాత్రం మామ ఇంట్లోనే. తెగిన పోగును ముడేయడంలో ఆయన్ని మించినవాడు ఖాతాలో లేడని ఆ భోజనాల దగ్గర వచ్చేపోయేవాళ్లు చెప్పేవారు. కొత్తగా చేరినవాళ్లు కంగారు పడితే "తొందరోడు ఒక్క ముడిని రెండుసార్లు ఏస్తడు" అనేవాడట. మొరాయించిన మగ్గాన్ని ఎవరైనా తిడితే "దాన్నెందుకు తిడ్తవ్, అది నాకంటె చెవిటిది" అనేవాడట.

ముందు ఎడమచెయ్యి పోయింది. ముడి జారిపోతుంటే ఆయన వయసనుకున్నాడు, సేఠ్ తాగుడనుకున్నాడు. మామ జన్మలో తాగలేదు. పరీక్షలన్నీ అయ్యాక నరాలు ఎండిపోయే జబ్బన్నారు, మందు లేదన్నారు. ఎడమది అయ్యాక కుడిచెయ్యి, తర్వాత కాళ్లు, ఆ తర్వాత ఊపిరి అని డాక్టరు వరసగా చెప్పాడు, రైలు ఏ స్టేషన్ల మీదుగా పోతుందో చెప్పినట్టు. డాక్టరు మెల్లగా చెప్పింది మామకు వినబడలేదు. నేను చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వచ్చింది. కుడిచెయ్యి కూడా పోతుందంట మామా అని నేను అరిచింది వరండాలో కూర్చున్న వాళ్లందరూ విన్నారు. ఆ అరుపు ఇంకా నా గొంతులోంచి పోలేదు.

అప్పట్లో నా ఆఫీసు బల్ల మీద ఒక ఫింగర్‌బోర్డ్ ఉండేది. తెలియనివాళ్లకు చెబుతున్నాను. అది వేలెడంత స్కేట్‌బోర్డు. కింద నాలుగు బుల్లి చక్రాలు, పైన జారిపోకుండా గరుకు పట్టీ. చూపుడువేలినీ మధ్యవేలినీ రెండు కాళ్లలా దాని మీద నిలబెట్టి నడపాలి, దూకించాలి, గాల్లో తిప్పాలి. వీడియో తయారయ్యేదాకా కంప్యూటరు నన్ను ఉత్తినే కూర్చోబెడుతుంది కాబట్టి నాకు ఆ పిచ్చి పట్టుకుంది. దేశదేశాల్లో నాలాంటి పిచ్చివాళ్లు చాలామంది ఉన్నారని తర్వాత ఫోనులో చూసి ధైర్యం తెచ్చుకున్నాను.

ఒక ఆదివారం అన్నం ఉడికేలోపు నేను దాన్ని మామ గది బండల మీద ఆడిస్తున్నాను. ఆయన పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు. కుడిచేతి వేళ్లు రెండూ దాని మీద పెట్టి ముందుకూ వెనక్కూ నడిపాడు. "బండి మంచిగుంది" అన్నాడు. ఇందాక నువ్వు తిప్పినట్టు తిప్పమని సైగ చేశాడు. నేను తిప్పి చూపించాను. తోక మీద వేలితో కొడితే బండి గాల్లోకి లేవాలి, తన చుట్టూ తాను ఒక్క చుట్టు తిరగాలి, మళ్లీ చక్రాల మీదే, వేళ్ల కిందే పడాలి. ఆ ఆటలో దాన్ని కిక్‌ఫ్లిప్ అంటారు. మామ దానికి పల్టీ అని పేరు పెట్టాడు. నాకు అది పట్టుబడటానికి మూడు నెలలు పట్టింది, నా నరాలన్నీ బాగున్నాయి. ఆ సాయంత్రానికి బండి ఆయనదైపోయింది. నేను ఇంకొకటి కొనుక్కున్నాను.

తర్వాతి వారం వెళ్లేసరికి ఆయన సరంజామా సిద్ధం చేసుకున్నాడు. బట్ట చుట్టే అట్ట గొట్టాన్ని నిలువునా కోయించి రెండు వాలులు చేయించాడు. ఎవరింట్లోనో మిగిలిన చలువరాతి ముక్క తెప్పించి నేల మీద పరిపించాడు. పొద్దున లేవగానే వేడి టీ గ్లాసు చుట్టూ వేళ్లు చుట్టి కాచుకునేవాడు. టీ చల్లారిపోయేది, అత్త తిట్టేది, మళ్లీ వేడి చేసి ఇచ్చేది. వేళ్లు కాగాక రాతి ముందు కూర్చునేవాడు. ఒకరోజంతా తోక మీద కొట్టడం ఒక్కటే. ఇంకోరోజంతా పక్కకు గీరడం ఒక్కటే. మగ్గం చెడితే ముక్కముక్కగా విప్పి చూసినట్టే దీన్నీ విప్పుకున్నాడు.

ఇదంతా ఎందుకు మామా అని అడిగాను. వ్యాయామమైతే రబ్బరు బంతి పిసకమన్నారు కదా అన్నాను. ఆయన బండి మీంచి వేళ్లు తీయకుండానే జవాబు చెప్పాడు.

"ముప్పై ఏండ్లు ఈ చెయ్యి సేఠ్ పని చేసింది. పొయ్యేటప్పుడన్న దాని పని అది చేసుకోనీ. ఒక్కసారి పల్టీ పడితె చాలు. పోతె పోనీ."

ఆ తర్వాత నేను మళ్లీ అడగలేదు. కుడిచెయ్యి పోయేలోపు ఒక్క పల్టీ. ఆ ఇంట్లో అందరం దానికోసమే బతికినట్టు బతికాం. అత్త కిటికీ వైపు తిరిగి, మాకు వీపు పెట్టి, చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేసుకునేది. ఆదివారాలు నేను ఫోనుతో ఆయన వేళ్లను వీడియో తీసేదాన్ని. నెమ్మది చేసి చూపిస్తే ఎక్కడ తప్పుతోందో ఆయనకు తెలిసేది. మొహం తీయనిచ్చేవాడు కాదు. మొహానికేం పని, అది ఆడతలేదు కదా అనేవాడు.

దివాళీకి ఖాతాలన్నీ మూసి, సూరత్ సగం ఖాళీ అయినప్పుడు ఆయన చెయ్యి అన్నిటికంటే బాగుంది. అట్టగొట్టం వాలు మీంచి దిగి, రాతి మీదికి వచ్చి, బండి లేచేది, పూర్తిగా తిరిగేది. కానీ పడేటప్పుడు తిరగబడేది, లేదంటే ఒక్క వేలే దాని మీద ఉండేది, రెండోది రాతికి తగిలేది. వెంట్రుకవాసి అంటారే, అంతే. ఆ నెలలో నేను దేవుళ్లకు మొక్కిన మొక్కులు ఎవరికైనా చెబితే నవ్వుతారు. వేలెడు చెక్క చక్రాల మీద పడాలని గుళ్లో నిలబడి మొక్కిన మనిషిని నేను.

చలికాలంలో మధ్యవేలు వాలిపోవడం మొదలైంది. బండి లేచేది, సగం తిరిగి పడిపోయేది. పండగలు దాటాక లేవడమే తగ్గింది. గ్లాసు పట్టుకోలేక చొక్కా మీద టీ ఒలకబోసుకున్న రోజున కూడా ఆయన రాతి ముందు కూర్చున్నాడు. నేను వీడియో తీస్తూ, ఆపు మామా, దండం పెడతా ఆపు అని లోపల అనుకుంటున్నాను. ఆయనకు వినబడదు కాబట్టి పైకే అన్నా నష్టముండేది కాదు.

నేను చేసిన పని ఆ వారమే చేశాను. ఊళ్లో మా పెద్దమామ, అంటే ఆయన అన్న, కుటుంబం వాట్సాప్ గుంపులో ఒక మాట పెట్టాడు. యాభై దాటినోడు ఆటబొమ్మ పట్టుకుని కూసున్నడట, మందులకు పోక గీ ఆటలేంది అని. ఇంకెవరో నవ్వే బొమ్మ పెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆఫీసులో కూర్చుని పాత వీడియోలన్నీ తిరగేశాను. దివాళీనాటి వీడియోలో బండి లేచి తిరిగే ముక్క దొరికింది. మొన్న గడిచిన ఆదివారం, పడటం ఎలా ఉండాలో చూసుకుంటానని మామ బండిని రెండు వేళ్ల కింద పెట్టుకుని రాతి మీదికి దించిన ముక్క ఉంది. రెండిటినీ కలిపాను. నీడలు సరిచేశాను, రంగు సరిచేశాను. వందల చీరలు అతికించిన చెయ్యి నాది, నా అతుకు నాకే కనబడలేదు. "మామ సాధించాడు" అని రాసి గుంపులో పెట్టేశాను.

ఆయన పరువు కోసం చేశానని చెప్పుకోవచ్చు. అది సగమే నిజం. ఇది ఎలాగోలా అయిపోవాలని చేశాను. ఓడిపోవడం వారం వారం చూసి నేను అలిసిపోయాను.

పెద్దమామ నేరుగా మామకే ఫోను చేశాడు. తమ్ముడి చెవుడు మరిచిపోయి పావుగంట మెచ్చుకున్నాడట. ఆయన చెప్పిందంతా అత్త మామకు చేతులతో చెప్పింది. మామ ఊ కొట్టి పెట్టేయమన్నాడట. ఆదివారం నేను వెళ్లేసరికి భోజనం పెట్టకముందే నా ఫోను అడిగాడు. ముడుచుకున్న వేలి కణుపుతో తెర మీద ముందుకూ వెనక్కూ జరుపుతూ, బట్టలో పోగు తప్పిన చోటు వెతికినట్టు వెతికాడు. ఎంతోసేపు పట్టలేదు. ఒకచోట ఆపాడు.

"ముడి మంచిగనే ఏసినవ్ బిడ్డా. పోగులే ఒక్కతీరు లేవు."

నాకు అర్థం కానట్టు నటించాను. ఆయన తెరను నా వైపు తిప్పాడు.

"గిది దివాళీ చెయ్యి. గిది మొన్నటి చెయ్యి."

చూశాను. నిజమే. నేను చక్రాలు చూశాను, నీడ చూశాను, రాతి రంగు చూశాను. వేళ్లు చూడలేదు. ఒక క్షణం ముందు రెండు వేళ్లూ నిటారుగా ఉన్నాయి. మరుక్షణం మధ్యవేలు వాడిపోయి ఉంది. నాలుగు నెలల్లో మెల్లమెల్లగా పోయిన ఆయన చేతిని నేను రెప్పపాటులో పోగొట్టి ఆయనకే చూపించాను. అద్దంలో కూడా ఆయన అలా చూసుకుని ఉండడు.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. గుంపులోంచి తీసేస్తానంటే, వద్దు, వాళ్లు సంతోషపడ్డరు కద అన్నాడు. కానీ ఇకమీదట వీడియో తీయొద్దన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు రోషం వచ్చింది. తప్పు చేసినవాళ్లకే రోషం ముందు వస్తుందనుకుంటాను. ఇన్ని ఆదివారాలు నీకోసమే కదా వచ్చాను, నీ మంచికే కదా చేశాను, నువ్వెలాగూ చేయలేవని డాక్టరు చెప్పలేదా అన్నాను. అరిచి అనలేదు. మామూలు గొంతుతో అన్నాను. ఆయనకు వినబడలేదనే అనుకుంటున్నాను. కానీ ముప్పై ఏళ్లు పెదాలు చూసి మాటలు తెలుసుకున్న మనిషి.

మూడు ఆదివారాలు నేను వడోద్ వెళ్లలేదు. పని ఉందన్నాను, తలనొప్పన్నాను. ఆ తర్వాత అత్త ఫోను చేసి మామకు జ్వరం, దగ్గు, ఊపిరి సరిగ్గా అందడం లేదంది. ఆదివారం వస్తానన్నాను. బుధవారమే అయిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఊరికే అనలేదు పెద్దలు. నాకు ఆ ఆకులూ దొరకలేదు.

పదకొండో రోజుకు ఊరి నుంచి పెద్దమామ, ఇంకా కొందరు బంధువులు రైల్లో వచ్చారు. భోజనాలయ్యాక ఎవరో ఆ వీడియో బయటికి తీశారు. ఫోను చేతులు మారింది. చూడు, చావు ముందర పెట్టుకుని కూడా పట్టు వదల్లేదని ఒకరన్నారు. నేనే తమ్మున్ని ఆటబొమ్మ అని ఎక్కిరించిన అని పెద్దమామ కళ్లు తుడుచుకున్నాడు. ఆ వీడియో దొంగదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన సాధించలేదని చెప్పినట్టే. చెప్పకపోతే నా అబద్ధమే ఆయన జ్ఞాపకమైపోతుంది. నేను ఎంగిలి విస్తళ్లు ఎత్తుతూ ఉండిపోయాను. నా బతుకులో అంత పిరికి పని ఇంకోటి చేయలేదు.

మరునాడు మధ్యాహ్నం వాళ్లందరినీ రైలెక్కించి వచ్చాక గదిలో అత్తా నేనూ మిగిలాం. ఆమె కిటికీ దగ్గర తన చోట్లో కూర్చుంది. చీర ఒళ్లోకి తీసుకుంది గానీ కత్తెర పట్టుకోలేదు. అప్పుడు చెప్పింది, నువ్వు పెట్టింది కాదు, అసలుది నువ్వు రాని రెండో వారంలో అయింది అని.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పోలీసులు అడిగినట్టు అడిగాను. ఎప్పుడు, ఎలా, వాలు మీంచా ఉత్త రాతి మీదా, బండి పూర్తిగా తిరిగిందా, రెండు వేళ్లూ ఉన్నాయా.

"నేను సూడలే బిడ్డా. ఇన్న."

తానెప్పుడూ వీపు పెట్టే కూర్చునేదట. ఏడాదిగా ఆ బండి పడే చప్పుళ్లు వింటూనే దారాలు కత్తిరించిందట. తిరగబడితే ఒకలా, పక్కకు పడితే ఒకలా, వేలు రాతికి తగిలితే ఒకలా వినబడుతుందట. ఆ పొద్దున అంతకుముందు ఎప్పుడూ వినని చప్పుడు ఒకటి వినబడిందట. తిరిగి చూసేసరికి బండి చక్రాల మీద నిలబడి ఉంది, వేళ్లు రెండూ పైన ఉన్నాయి. మామ ఆమెనే చూస్తున్నాడు. చప్పుడు ఆయనకు వినబడదు, చూసింది ఆమె కాదు. అయింది అని తలూపాడట. నాకు ఫోను చేస్తానంటే వద్దన్నాడట, ఆదివారం వస్తది, మొకం చూసి చెప్త అన్నాడట. ఆ ఆదివారం నాకు కూడా కంచం పెట్టించి రెండింటిదాకా తినకుండా కూర్చున్నాడట.

నేను నమ్మాలనుకున్నాను. దేవుడా, ఎంత నమ్మాలనుకున్నానో. కానీ నా బుద్ధి ఎక్కడికి పోతుంది? గ్లాసు పట్టలేని చెయ్యి అది. నేను రావడం మానేశానని ఆయన బండిని వేళ్ల కింద పెట్టుకుని, అత్త తృప్తి కోసం, నా తృప్తి కోసం తలూపి ఉంటే? చివరి ముక్క ఉంది, నడిమి ముక్క లేదు. అలాంటివి అతికించడం ఎంత సులువో నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? నిజమేనా అత్తా, నిజంగా నిజమేనా అని ఆమె మోకాళ్లు పట్టుకుని అడిగాను.

ఆమెకు కోపం రాలేదు. లేచి, అట్టగొట్టం పక్కనున్న బండిని తెచ్చింది. దాన్ని ఆమె చేత్తో పట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు. చలువరాతి ముందు కూర్చుని, రెండు వేళ్లతో దాని నడుము పట్టుకుని, బెత్తెడు ఎత్తు నుంచి వదిలింది. టక్కున పడింది.

"ఆ సప్పుడు గిది కాదు" అంది.

మళ్లీ ఎత్తి వదిలింది. ముందు గిర్రలు ముందు పడ్డయి, గిది కాదు అంది. మళ్లీ వదిలింది. ఎత్తు ఎక్కువైందంది. మళ్లీ. నా చెవికి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆమె మాత్రం ప్రతిసారీ తల పక్కకు వంచి, విని, కాదని తలూపుతోంది. పది సార్లయ్యాయి, ఇరవై అయ్యాయి. ఇక చాలత్తా అన్నాను. నన్ను నోరుమూసుకోమన్నట్టు చెయ్యెత్తింది. నేనైతే మూడోసారికే ఇదేనని చెప్పేసి, ఎదుటి మనిషి ఏడుపు ఆపేసేదాన్ని. ఆమె బండిని మళ్లీ ఎత్తింది. అది రాతికి తగిలేదాకా నేను కళ్లు మూసుకున్నాను.

"గిది గూడ కాదు" అని, మళ్లీ ఎత్తింది.